ముప్ఫై తొట్ల కూడిక

ఎండకాలం, 63వ రోజు

తెల్లగని ఊరి లెక్కల గది దినచర్య పుస్తకాన్ని ఈ రోజు నుంచి నేనే రాస్తానని పుట్టినవారికీ పుట్టబోయేవారికీ సవినయంగా మనవి. నా పేరు దస్తగిరి. గని కాలేజీ పట్టభద్రుణ్ణి, అందులోనూ మొదటి ర్యాంకు. పరీక్ష రాసింది ఇద్దరం. రెండోవాడికి ఆ రోజు విరేచనాలు.

పుస్తకం పెట్టమన్నది ఊరి పెద్ద చౌడప్ప మామ. "లెక్క తప్పిందని నోటితో అంటే వాగుడు, అల్లుడూ. కాగితమ్మీద పెడితే సాక్ష్యం" అన్నాడు.

తప్పిందని అన్నది మాత్రం నేను కాదు. నీళ్ళు కొలిచే సుంకులవ్వ భుజం.

పొద్దున్నే ఆమె లెక్కల గదిలోకి వచ్చి, కడవ కింద పెట్టి, కుడిభుజం పట్టుకుని నిలబడింది. "ఈ పొద్దు ఎన్నిరా, నీ పెట్టె చెప్పేది?"

"ఇరవై తొమ్మిది కడవలు, అవ్వా."

"నలబై ఉంటాయి."

"ఎట్లా తెలుసు?"

"ఇరవై తొమ్మిదెత్తితే ఈడిదాకా నొస్తాది." భుజం మీద ఒకచోట వేలు పెట్టింది. తర్వాత మెడ దగ్గర పెట్టింది. "ఈ పొద్దు ఈడిదాకా నొస్తాండాది."

భుజానికి నా షీట్‌లో కాలమ్ లేదని ఆమెకు మర్యాదగా విన్నవించాను. ఆమె నన్నూ, షీట్‌నూ, నాకు చదువు చెప్పిన కాలేజీనీ ఒకే మాటతో తిట్టి వెళ్ళిపోయింది. ఆ మాట సాక్ష్యంగా పనికిరాదు కాబట్టి రాయడం లేదు.


64వ రోజు

మామ చెప్పాడు కదా అని తనిఖీ మొదలుపెట్టాను. మొదటి అనుమానం ఫార్ములా మీద. కాలమ్ కింద మొత్తం చూపే గడి ముప్ఫై వరుసలనూ కలుపుతోందా, మధ్యలో అలిసిపోయి ఇరవై అయిదో వరుస దగ్గర కూర్చుండిపోయిందా? చూశాను. ముప్ఫై వరుసలూ ఉన్నాయి. గోడ వెంట తొట్లు ముప్ఫై, షీట్‌లో వరుసలు ముప్ఫై. ఒక్కో తొట్టికి ఒక్కో గడి.

గనిలో బతికే మాకు నీళ్ళంటే ఈ తెల్లరాతి గోడ రాత్రంతా కార్చే చెమటే. అది తొట్లలోకి దిగుతుంది. పొద్దున్నే సుంకులవ్వ ఒక్కో తొట్టినీ కడవతో తోడి, కొలిచి, గోడలో మేం గొంతు అని పిలిచే కంతలో పోస్తుంది. ఆ నీళ్ళు ఎవరి కంటికీ కనబడని పెద్ద తొట్టిలోకి పోతాయి. కొలుస్తూ పైకి లెక్కపెడుతుంది. తొట్టి ఖాళీ కాగానే కడవ అంచుతో దాన్ని ఒక్కటి కొడుతుంది. టంగు మనగానే, ఆమె నడుముకు కట్టిన వినికిడి పెట్టె చివరగా విన్న అంకెను నా షీట్‌కు పంపుతుంది. షీట్ ఎంత మొత్తం చూపిస్తే ఊరి కొళాయి అంతే వదులుతుంది. కడవ నీళ్ళు ముగ్గురికి ఒక రోజు. మేం నూట ఇరవై మందిమి. రోజుకు నలభై కావాలి.

ఆమె లెక్క ఊరంతటికీ వినిపిస్తుంది. అంత దూరం నుంచి మాటలు తెలియవు, రాగమే తెలుస్తుంది. పసిపిల్లలు దానికే లేస్తారు. నేను దానికే దుప్పటి ముసుగేసుకుంటాను.

ఈ రోజు మొత్తం: 28.


66వ రోజు

దాచిన వరుసలు లేవు. ఫిల్టర్ లేదు. షీట్ కూడటం మానేసి పాత మొత్తాన్నే చూపిస్తోందేమోనని బలవంతంగా మళ్ళీ కూడించాను. కూడింది. అదే వచ్చింది. చెప్పిన పని వెంటనే చేసే స్వభావం ఈ గదిలో ఒక్క షీట్‌కే ఉంది.

తర్వాత వాలు పరీక్ష. షీట్‌లో నిజమైన అంకె గడికి కుడివైపు ఆనుకుంటుంది. అంకెలా వేషం వేసిన మాట ఎడమవైపు వాలుతుంది. కూడికలో మాటకు చోటు లేదు. దాన్ని లేనట్టే లెక్కగట్టి షీట్ దాటిపోతుంది. కనబడే అంకెలన్నీ చూశాను. అన్నీ కుడివైపే, బడిలో బుద్ధిమంతుల్లాగా.

చౌడప్ప మామ వచ్చాడు. పెదవులు పగిలి ఉన్నాయి. మా అందరివీ అలాగే ఉన్నాయి.

"ఏమన్నా దొరికిందా?"

"షీట్ ఆరోగ్యంగా ఉంది మామా. మనమే పోయేట్టున్నాం."

ఆయన నవ్వలేదు. "పదిరోజుల లెక్క డెబ్బయ్యో రోజుకు ముగుస్తాది. నన్నూరు దాటకుంటే ఏమయ్యేది నీకు తెలుసు గదా."

తెలుసు. నాలుగు వందల కడవలు దాటకపోతే ఒకరు మెట్లెక్కాలి. నాలుగు వందల పదకొండు మెట్లు. పైన తలుపు, తలుపు బయట ఎండ. వెళ్ళినవాళ్ళు రెండో పూట చూడరు. ఒక్కరు తగ్గితే కొరత తీరుతుందా అని ఒకసారి కాలేజీలో అడిగాను. తీరదట. మిగిలినవాళ్ళు భయంతో తక్కువ తాగుతారు, కొరత అలా తీరుతుందట. ఆ జవాబు రాస్తే అయిదు మార్కులు.

పెట్టె వచ్చాక ముగ్గురు ఎక్కారు. మొదటి ఎండకాలంలో సుంకులవ్వ కొడుకు ఓబులేసు. పోయిన ఏడు ఇద్దరు. అంతకుముందు తొమ్మిదేళ్ళపాటు ఎవరూ ఎక్కలేదు. ఎండలు ముదిరాయని అందరూ అన్నారు. నేనూ అన్నాను.


67వ రోజు

ఈ పెట్టె చరిత్ర కొంచెం రాయాలి. అందులో నా కీర్తి ఉంది.

మొదట్లో గుర్నాథం మాస్టారు తొట్ల పక్కనే పీట వేసుకుని, సుంకులవ్వ లెక్కను చెవులారా విని పుస్తకంలో రాసేవారు. ఆయన పోయాక ఆ చెమ్మలో కూర్చోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. పాత గని సామానులో వినికిడి పెట్టె దొరికింది. దానికి తెలుగు అంకెలు నేర్పి షీట్‌కు తగిలించడం నా కాలేజీ ప్రాజెక్టు. సున్నా నుంచి వంద దాకా, ఒక్కో అంకె ఇరవైసార్లు, నా గొంతుతోనే నేర్పాను. లెక్కల గదిలో కూర్చునే నేర్పాను. తొట్ల దగ్గర చెమ్మ ఎక్కువ. నాకు జలుబు తత్వం.

ఆ ప్రాజెక్టుకే మొదటి ర్యాంకు. రెండోవాడి కడుపు సంగతి ఒప్పుకుంటూనే, షీట్ అందంగా ఉందని పెద్దలు ప్రత్యేకంగా మెచ్చుకున్నారని కూడా రాసుకుంటున్నాను. పెట్టె దగ్గులూ తుమ్ములూ కూడా పంపేది. అవి కనబడకుండా, గడుల్లో అంకెలు తప్ప ఇంకేదీ చూపించవద్దని షీట్‌కు ఆజ్ఞాపించాను. అప్పటి నుంచి షీట్ పెళ్ళికూతురిలా ఉంది. కొన్ని గడుల్లో అంకెలు, కొన్ని ఖాళీ. ఖాళీ అంటే ఎండిన తొట్టి.

ఈ రోజు మొత్తం: 29. ఖాళీ గడులు: పదహారు.


70వ రోజు

పదిరోజుల మొత్తం: 288.

చీటీలు ఊరి నడుమ కుండలో వేశారు. పసిపిల్లలవి తప్ప అందరి పేర్లూ ఉన్నాయి. తీసింది చౌడప్ప మామే. విప్పి చాలాసేపు చూశాడు. పేరు చదవడానికి అంతసేపు ఎందుకా అని నేను పక్కవాడితో గుసగుసగా ఎకసెక్కం చేస్తున్నాను.

"దస్తగిరి" అన్నాడు.

నేనేదో అనాలని అందరూ నా వైపు చూశారు. అలవాటు పడ్డారు పాపం.

అప్పుడు వెనక నుంచి సుంకులవ్వ వచ్చింది. చేతిలో కడవ అట్లాగే ఉంది. "నేను పోతా. వాని పేరు కొట్టేయండి."

ఒకరి బదులు ఇంకొకరు పోవచ్చునని మా కట్టుబాటు. రెండేళ్ళ కిందట ఓబులేసుకు బదులు ఆమె పోతానంటే, కొలిచేవాళ్ళు ఇంకెవరూ లేరని పెద్దలు ఒప్పుకోలేదు. ఇప్పుడు ఆమె మనవరాలి వయసు పిల్ల ఒకతి కొలత నేర్చుకుంది.

"వద్దవ్వా" అన్నాను.

"నీకేమి తెలుసురా. రెండేండ్లాయ వాడు పోయి. యాడిదాకా నడిచినాడో ఒకసారి చూసొస్తా."

"చూసి రావడానికి ఉండదవ్వా."

"తెలుసులే" అంది.

ఎల్లుండి పొద్దున ప్రయాణం.

గదికి వచ్చి కూర్చున్నాను. ఇంకేమీ తోచక గుర్నాథం మాస్టారి పాత పుస్తకాలు దించి ఎండకాలం పేజీలు తిప్పాను. తిప్పుతూ ఉంటే ఒక సంగతి కంట్లో నలుసులా పడింది. మాస్టారి ఎండకాలం నిండా ఒకట్లు. ప్రతి పేజీలో పదీ పన్నెండు తొట్ల దగ్గర ఒకటి, ఒకటి, ఒకటి. సన్నగా నిలువుగీతలు.

నా షీట్ తెరిచాను. ఈ వేసవి, పోయిన వేసవి, అంతకుముందు వేసవి చూశాను. రెండులున్నాయి. మూడులున్నాయి. ఒకటి మాత్రం ఎక్కడా లేదు. రెండేళ్ళ కాలమ్‌లో ఒక్క ఒకటి కూడా లేదు.

రెండు కడవలిచ్చే తొట్టి ఉంటుంది, ఏమీ ఇవ్వని తొట్టి ఉంటుంది, సరిగ్గా ఒక్క కడవ ఇచ్చే తొట్టి ఈ భూమి మీద ఉండదా?


71వ రోజు

పొద్దున్నే తొట్ల దగ్గరికి వెళ్ళాను. జీవితంలో మొదటిసారి. చేతి పలక మీద షీట్ తెరిచి సుంకులవ్వ వెనకే నిలబడ్డాను.

"ఏం, నా ఆఖరి కొలత చూసేదానికి వచ్చినావా?"

"ఊరికే వచ్చా. జలుబు తెచ్చుకుందామని."

మొదటి తొట్టిలో నీళ్ళు రెండు కడవలుంటాయి. ఆమె వంగి తోడింది. "లాభం" అంది రాగం తీస్తూ, గొంతులో పోసింది. మళ్ళీ తోడింది. "రెండూ" అంది. కడవ అంచుతో తొట్టిని కొట్టింది. పలక మీద మొదటి గడిలో 2 పడింది.

రెండో తొట్టిలో అడుగునే ఉన్నాయి. ఆమె వంగి, చేత్తో కూడా తోడి, కడవ నింపింది.

"లాభం."

టంగు.

పలక చూశాను. రెండో గడి ఖాళీ.

కొలిచేవాళ్ళు మొదటిదాన్ని ఒకటి అనరు. వాళ్ళ అమ్మలు, అవ్వలు గని బయట వడ్లు కొలిచిన నాటి నుంచీ కొలత లాభంతోనే మొదలవుతుంది. లాభం, రెండు, మూడు. ఇది నాకు తెలియనిది కాదు. ఊళ్ళో పసిపిల్లకు కూడా తెలుసు. మాస్టారు లాభం అని విని ఒకటి అని రాసుకునేవారు. అందులో ఆలోచించడానికి ఆయనకు ఏమీ లేదు. నేను మాత్రం పొడిగా ఉన్న గదిలో కూర్చుని, పెట్టెకు ఇరవైసార్లు "ఒకటి, ఒకటి" అని నేర్పాను. తొట్ల దగ్గర ఎవరూ పలకని మాట అది.

ఖాళీ గడి మీద వేలు పెట్టాను. లోపల ఉన్నదేమిటో షీట్ పైనున్న పట్టీలో కనబడింది. లాభం. మాట. కూడికలో మాటకు చోటు లేదు. చూడ్డానికి అందంగా ఉండాలని దాన్ని దాచింది కూడా నేనే.

రెండు మూడు కడవలిచ్చే తొట్లకు ఏ ఇబ్బందీ లేదు. లాభం మీద రెండు పడుతుంది, లెక్క సరిపోతుంది. తొట్టి ఒక్క కడవ దగ్గర ఆగిపోయినప్పుడే పెట్టెకు చివరి మాట లాభం. అంటే వానాకాలమంతా షీట్ సత్యహరిశ్చంద్రుడు. నీళ్ళు తగ్గేకొద్దీ అబద్ధం పెరుగుతుంది.

"అవ్వా, ఎండిపోయిన తొట్లు ఎన్ని?"

"అయిదు. ఎందుకు?"

నా షీట్‌లో ఖాళీలు పదహారు.

"అవ్వా, ఆ మాట ఇంకోసారి అను."

"యా మాట?"

"లాభం."

అంది. పలక వైపు చూశాను. ఆమె నా మొహం వైపు చూసింది. అలా చూడనివ్వకుండా ఉండాల్సింది. ఇప్పుడనుకుని ఏం లాభం.


అదే రోజు, మధ్యాహ్నం

దాచిన మాటలన్నీ బయటపెట్టి, లాభం ఉన్నచోటల్లా ఒకటి పెట్టి మళ్ళీ కూడిక చేశాను. ఈ పదిరోజుల మొత్తం 403.

నన్నూరు దాటింది. ఎవరూ మెట్లెక్కనక్కర్లేదు. పరిగెత్తుకెళ్ళి చెప్పాల్సిన మాట ఇది. కానీ నేను కుర్చీలోంచి లేవలేదు. చెయ్యి దానంతటదే పాత పేజీల మీదికి పోయింది.

పోయిన ఏడు ఇద్దరు ఎక్కిన రెండు లెక్కలు: షీట్ చూపింది 377, 369. అసలు 409, 405.

ఓబులేసు ఎక్కిన లెక్క: షీట్ చూపింది 371. అసలు 412.

తర్వాత కింది అంతస్తుకు దిగాను. వాడకుండా వదిలేసిన పాత సొరంగం అది. పెద్ద తొట్టి నిండి పొర్లితే నీళ్ళు పోవడానికి దారి అక్కడికే. షీట్ చెప్పినంతే కొళాయి వదిలినప్పుడు, షీట్ లెక్కపెట్టని నీళ్ళు ఎక్కడికో పోవాలి కదా. దీపం పట్టుకుని నాలుగడుగులు వేశాను. మోకాలిదాకా తగిలాయి. నల్లగా, తుప్పుతో, పాత యంత్రాల నూనెతో కలిసి, తాగడానికి పనికిరాకుండా నిలబడి ఉన్నాయి. దీపం వెలుగు ఎంత దూరం పోతే అంత దూరం నీళ్ళే. మూడు ఎండకాలాల లాభం.

పైకొచ్చి చౌడప్ప మామకు అంతా చూపించాను. ఆయన పాత అంకెల దగ్గర వేలు పెట్టి, తీసేసి, మళ్ళీ పెట్టాడు.

"ఈ ఏటి లెక్క ఊరికి చెబుదాం" అన్నాడు చివరికి. "ఆమె పోనక్కర్లేదు. అది చాలు. పాతవి చెప్పొద్దు."

"మామా..."

"ఆమె నోటి మాటరా అది. ఆమె కొడుకు. ఎట్లా చెప్తావు?"

"మాట ఆమెది కాదు మామా. మాట అందరిదీ. నేర్పకపోయింది నేను."

"ఆమెకట్ల వినపడదు" అన్నాడు మామ.


72వ రోజు

ఊరికి చెప్పాం. కూడికలో తప్పు దొరికింది, నీళ్ళు సరిపోతాయి, ఎవరూ ఎక్కరు. కొళాయి నలభై కడవలు వదిలింది. జనం ఏడుస్తూ తాగారు. కొందరు నా వీపు తట్టారు. ఒకాయన నన్ను మహా మేధావి అన్నాడు. ఇలాంటి అవకాశం కోసమే నేను రెండేళ్ళుగా కాచుకుని ఉన్నాను. తల వంచుకుని వాళ్ళ మధ్య నుంచి బయటపడ్డాను.

సుంకులవ్వ మెట్ల కోసం కట్టుకున్న మూట విప్పుతూ ఉంటే పోయి పక్కన కూర్చున్నాను. మూటలో ఒక చీర, ఓబులేసు చొక్కా ఉన్నాయి.

"తప్పెవరిదంట?" అంది.

"నాది అవ్వా. పెట్టెకు ‘లాభం’ నేర్పలేదు. ఒక్క కడవ తొట్లన్నీ లెక్కలోకి రాలేదు. ఇక నేర్పిస్తా."

"ఎప్పటినుంచి రాలేదు?"

దీనికి జవాబు దారి పొడుగునా తయారు చేసుకునే వచ్చాను. "ఈ ఏడే అవ్వా. మొన్న ఎండలు ముదిరినాకనే చెడింది."

ఆమె చొక్కా మడత పెట్టింది. బాగా రాలేదని విప్పి మళ్ళీ పెట్టింది.

"వాడు పోయిన ఏడు గూడా తొట్లు ఇట్లనే ఉన్నాయి గదా. పదీ పన్నెండిట్లో ఒక్కొక్క కడవే. నా భుజం అప్పుడు గూడా చెప్పింది. పెట్టె సదువుకున్నది, నాకేం తెలుసులే అని నోరు మూసుకున్యా."

"అప్పుడు బాగానే ఉండిందవ్వా పెట్టె."

మడత వదిలేసి నా వైపు చూసింది.

"అబద్దమాడేటప్పుడు నీకు ఎకసెక్కాలు రావురా, దస్తగిరీ."

లేచి వస్తుంటే, "తొట్ల కాడికి ఊరికే రావొద్దు, జలుబు చేస్తాది" అంది.

మామ వద్దన్నా ఈ పుస్తకంలో రాస్తున్నాను. ఓబులేసు, 412. తర్వాతి ఇద్దరు, 409, 405. ముగ్గురికీ నీళ్ళు ఉన్నాయి. ఇది సాక్ష్యం. ఈ పేజీ చింపేవాళ్ళు మాస్టారి పుస్తకాలు కూడా చింపాల్సి ఉంటుంది.


73వ రోజు

పొద్దున దుప్పటి ముసుగేసుకోలేదు. లెక్కల గది తలుపు తెరిచి, షీట్ ముందు కూర్చుని చెవులు రిక్కించాను. నిన్న రాత్రి పెట్టెకు లాభం అంటే ఒకటి అని ఆమె గొంతుతోనే నేర్పాను. ఇరవైసార్లు అడిగి అనిపించాను. అన్నిసార్లూ విసుక్కోకుండా అంది.

తొట్ల వైపు నుంచి కడవ నేలకు తగిలిన చప్పుడు. నీళ్ళు తోడిన చప్పుడు. గొంతులో పోసిన చప్పుడు. రాగం రాలేదు. ఊరంతా దాని కోసమే చూస్తున్నట్టు నిశ్శబ్దంగా ఉంది. పసిపిల్లలు లేవలేదు.

నేను లేచి సొరంగం మలుపుదాకా వెళ్ళాను. ఈ రోజు ఒక్క కడవకే ఖాళీ అయిన మొదటి తొట్టి దగ్గర ఆమె వంగి ఉంది. ఖాళీ కడవ చేతిలో ఉంది. పెదవులు ఒకసారి కదిలి, ఆగిపోయాయి. భుజం పట్టుకుంది.

"ఒకటి" అంది. రాగం లేదు.

కడవ అంచుతో తొట్టిని కొట్టింది. నేను గదికి తిరిగి వచ్చేసరికి మొదటి గడిలో 1 పడి ఉంది. కుడివైపుకు, సరిగ్గా ఆనుకుని ఉంది.

ఆ మాట పెట్టెకు నేను ఎప్పుడో నేర్పాను.

ఈ రోజు మొత్తం: 40.